అబూ సాలెం కాళ్ళు, మస్తాన్ చేతులు

1978 మే నెల చివర్లో నాకు పోలండు డ్యూటీ పడింది. అప్పటికి దుబాయ్‌లో ఒక ఆస్పత్రి ఎముకల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. స్టాఫ్ నర్సు అంటే వార్డు సిస్టర్‌కి కింద, ఆయాలకీ వార్డు బాయ్‌లకీ పైన ఉండే మనిషి. చీవాట్లు పైనుంచి వస్తాయి, సణుగుళ్ళు కిందనుంచి వస్తాయి. ఉత్తర్వులో మాత్రం నా హోదా ఎస్కార్ట్ నర్సు అని ఉంది. పరాయి దేశానికి వైద్యానికి వెళ్ళే రోగి వెంట ఉండి, మందులూ ఇంజెక్షన్లూ వేళకు ఇచ్చి, మళ్ళీ క్షేమంగా తెచ్చి అప్పగించే పని. చూసేవాళ్ళకి అది విహారయాత్ర. దుబాయ్‌లోని నైఫ్ పేటలో నాతో గది పంచుకునే భీమవరం మేరీ అక్క కూడా అలాగే అనుకుంది.

“నీకేంటే, మహారాణివి. మేం ఇక్కడ ఎండలో మాడి చస్తాం, నువ్వేమో కోటలూ చర్చిలూ చూసుకుంటా తిరుగుతావు,” అని నేను విమానం ఎక్కేదాకా దెప్పుతూనే ఉంది.

కోటలూ చర్చిలూ చూసిన మాట నిజమే. చూసినంతసేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉండేది. ఎందుకో చెప్పాలంటే ముందు రోగి సంగతి చెప్పాలి.

ఆయన్ని అందరూ అబూ సాలెం అనేవారు. సాలెం అనే కొడుకుకు తండ్రి అని దానర్థం. దుబాయ్ దేరా బజారులో సిమెంటు, కలప, ఇనుము అమ్మే పాతకాలపు వ్యాపారి. పడుచుతనంలో పడవల మీద బొంబాయికి తిరిగినవాడు కనుక హిందీ గడగడా మాట్లాడేవాడు. డెబ్బై దాటాక గిడ్డంగిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మా ఎముకల డాక్టరు పోలండు దేశస్థుడు. ఆయనే ఆపరేషన్ చేసి, లోపల మేకు వేసి ఎముక కూర్చాడు. ఎముక చక్కగా అతుక్కుంది. ఎక్స్‌రే చూసి మేమంతా సంతోషించాం. కానీ పెద్దాయన ఆ కాలు నేలకు మోపలేదు. విరిగిన కాలి మీద కొద్దికొద్దిగా శరీరం బరువు వేయడాన్ని మేము వెయిట్ బేరింగ్ అంటాం. తుంటి విరిగినవాడికి ఆపరేషన్ సగం వైద్యమైతే ఇది మిగతా సగం. అది జరగక తొడ కండ కరిగిపోతూ వచ్చింది.

డాక్టరు పెద్దాయన కొడుకు సాలెంని పిలిచి దాపరికం లేకుండా చెప్పేశాడు. ఈ వేసవి దాటితే కీలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత శాశ్వతంగా మంచమే. షుగరున్న ముసలివాడు మంచాన పడితే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఎక్కువ కాలం ఉండడు. తన దేశంలో ఇలాంటివాళ్ళను నడిపించే వ్యాయామ చికిత్సాలయం ఒకటుందని, అక్కడికి పంపమని సలహా ఇచ్చాడు.

సాలెం చెడ్డవాడు కాదు. తండ్రి అంటే ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఇంట్లో పెద్దవాళ్ళను అడుగు తీసి అడుగు వేయనివ్వకుండా చూసుకోవడం గౌరవం. పెద్దాయన కర్ర పట్టుకుని బజార్లో నడిస్తే, కొడుకులు బతికుండగా ఈయనకు ఈ గతేమిటని నలుగురూ నవ్వుతారని సాలెం భయం. అందుకని తండ్రిని ఎత్తి దించడానికి ఒక మనిషినే పెట్టాడు. పోలండుకూ అతన్ని వెంట పంపాడు.

ఆ మనిషి మస్తాన్. నెల్లూరు జిల్లావాడు. నలభై ఏళ్ళుంటాయి, భుజాలు దూలాల్లా ఉండేవి. వంట కూడా బాగా చేసేవాడు. పరాయి దేశంలో తెలుగు మాట్లాడే తోడు దొరికిందని మొదట నేనూ సంబరపడ్డాను. వార్సాలో దిగిన పూటే ఆ సంబరం తీరిపోయింది. కస్టమ్స్ వాళ్ళు అతని సంచిలోని ఎండునిమ్మకాయలను ఒక్కొక్కటే చితక్కొట్టి చూస్తుంటే, ఇన్సులిన్ ఉన్న థర్మాస్‌లో మంచు కరిగిపోతోందని నేను మొత్తుకుంటుంటే, మస్తాన్ పెద్దాయన్ని పసిపిల్లాడిలా చంకనెత్తుకుని నిలబడ్డాడు. చక్రాల కుర్చీ పక్కనే ఉంది.

చికిత్సాలయం ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉంది. ఒకప్పుడు ఏదో జమీందారు కట్టుకున్న రాజభవనం. ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ఆస్పత్రి పెట్టింది. పైకప్పు మీద దేవదూతల బొమ్మలు, కింద ఇనుప మంచాలు. నాట్యశాలలో, నిలువుటద్దాల ఎదురుగా, పట్టుకుని నడవడానికి జంట కడ్డీలు బిగించారు. వెనక తోట దిగితే విస్తులా అనే పెద్ద నదిలో కలిసే చిన్న నది. మాకు వ్యాయామం నేర్పే ఆవిడ పేరు హలీనా. సన్నగా, ఎత్తుగా, నవ్వని మనిషి. ఇంగ్లీషు వచ్చు. ఆవిడ ఇంగ్లీషులో చెబితే నేను హిందీలో పెద్దాయనకు చెప్పేదాన్ని.

అక్కడి పద్ధతి నాకు కొత్త. పొద్దున కడ్డీల మధ్య సాధన. మధ్యాహ్నం వ్యానులో చుట్టుపక్కల ఊళ్ళకు తీసుకెళ్ళి పాత భవనాలూ చర్చిలూ నది ఒడ్డూ చూపించేవారు. ఇదేం వైద్యం, రోగిని ఊరేగిస్తారా అని నేను మొదట విసుక్కున్నాను. హలీనా విడమరిచి చెప్పింది. గదిలో కడ్డీ పట్టుకుని నడిచేవాడు ఇంటికెళ్ళి మెట్టు చూడగానే ఆగిపోతాడు. అందుకని వాళ్ళు స్థలాలను కష్టాన్ని బట్టి ఎంచుకుంటారు. మొదట మెట్లు తక్కువున్న భవనం, తర్వాత ఎత్తైన గడపున్న చర్చి, ఆ తర్వాత నదికి దిగే మట్టి బాట. మనిషికి చూడాలనే కోరిక పుడితే కాలు దానంతటదే లేస్తుందని ఆవిడ నమ్మకం. విన్నాక నాకూ సబబుగానే తోచింది. మా దగ్గర ఆ కోరికకూ కాలికీ మధ్యన మస్తాన్ ఉన్నాడు.

మొదట చూసిన భవనం ఒక ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రానికి కార్యాలయం. ముందు తెల్లటి స్తంభాలు, గోడల మీద వేటాడే దొరల చిత్రాలు, లోపలి హాల్లో నడుమెత్తున బంగాళాదుంపలు. అబూ సాలెంకి అది చూడగానే హుషారొచ్చింది. ఇంత ఇల్లు కట్టుకుని అతిథిని కూర్చోబెట్టడానికి చోటు లేకుండా దుంపలు పోస్తారా అని నవ్వాడు. లోపలికి వెళ్ళి చూస్తానన్నాడు. హలీనా ఆయన ఎడమ చేతికి కర్ర ఇచ్చి, కుడి పక్కన నిలబడి, మొదటి మెట్టు చూపించింది. ఆయన కర్ర మోపాడు. మంచి కాలు ఎత్తబోయాడు. అంతే, వెనకనుంచి రెండు చేతులు వచ్చి ఆయన్ని అమాంతం లేపి, మెట్లన్నీ దాటించి, దుంపల పక్కన దించాయి. కర్ర మెట్ల మీదే పడి ఉంది. పెద్దాయన గోడల మీది చిత్రాలు చూడ్డంలో మునిగిపోయాడు. హలీనా నా వైపు చూసిన చూపుకు నా తల కొట్టేసినట్టయింది.

“మస్తాన్, ఎత్తొద్దని చెప్పానా లేదా?”

“పడతాడేమో అనుకున్న్యా సిస్టరమ్మా. అలవాటు గదా, చేతులు ఆగలా.”

తర్వాత వెళ్ళిన ప్రతి చోటా ఇదే వరస. ఒక భవనంలో బడి నడుస్తోంది. పిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా మస్తాన్ పెద్దాయన్ని మేడ మీదికి మోశాడు. ఇంకో చోట కొయ్యతో కట్టిన చిన్న చర్చి ఉంది, ఒక్క మేకు కూడా వాడకుండా కట్టారట. మా ఊరి బాప్టిస్టు చర్చిలో చాపల మీద కూర్చుని పెరిగిన నాకు, ఆ చెక్క స్తంభాలకు చెక్కిన ద్రాక్షగుత్తులూ, రంగులు వెలసిన మరియమ్మ బొమ్మా తనివితీరా చూడాలనిపించింది. చూడనిస్తే కదా! గడప దగ్గర మస్తాన్ చేతులను నేను పట్టుకుని ఆపడంతోనే సరిపోయింది. చివరికి నన్ను తప్పించుకుని ఎత్తనే ఎత్తాడు.

నది దగ్గర మరీ అన్యాయం. గట్టు మీద పొగచూరిన కొయ్య ఇల్లు, దాని చిమ్నీ మీద కొంగల గూడు, నీటి మీదికి వంగిన చెట్లు, అవతలి ఒడ్డున గడ్డి కోస్తున్న మనుషులు. ఇసుకలో పుట్టి పెరిగిన అబూ సాలెంకి అంత మంచినీళ్ళు ఊరికే పారిపోవడం చూస్తే మతి పోయింది. చెయ్యి పెట్టి చూస్తానన్నాడు. ఆ బాట ఆయన కోసమే ఎంచుకున్నానని, ఈ పూట అడుగు పడితీరుతుందని హలీనా అంతకుముందే నాతో అంది. నేను ఇన్సులిన్ పెట్టె వ్యానులో పెట్టి వచ్చేలోపల మస్తాన్ ఆయన్ని భుజాల మీదకెక్కించుకుని నీళ్ళలోకి దిగిపోయాడు. పెద్దాయన వంగి నీళ్ళు తడుముతూ మాషా అల్లా, మాషా అల్లా అంటున్నాడు. హలీనా తలగుడ్డ తీసి గడ్డిలో విసిరికొట్టి, ఇక ఈ రోగి నాకొద్దు, సామాను సర్దుకోమని చెప్పి వ్యానెక్కేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో మస్తాన్‌ని నిలదీశాను. చికిత్సాలయం వాళ్ళు మా కోసం ఒక పొయ్యి విడిగా ఇచ్చారు, పంది మాంసం తగలకుండా. అతను అన్నం వారుస్తున్నాడు. నేను గొంతు పెంచే మాట్లాడాను. నీ యజమాని, నీ అర్బాబ్ బతకాలని ఉందా లేదా, ఈసారి మనల్ని పంపేస్తే ఆయనకు జీవితాంతం మంచమే, నీకు బుర్ర లేదా అని కడిగేశాను. అతను గిన్నె దించి, నా వైపు తిరక్కుండానే జవాబిచ్చాడు.

“బుర్ర ఉండబట్టే ఎత్తతన్నా సిస్టరమ్మా. మీకేంది, ఆస్పత్రి నౌకరీ. నేను వీసా మీద వచ్చిందే ఆయన్ని ఎత్తేదానికి. ఆయన లేచి నడిచె అనుకో, నన్నెందుకు ఉంచుకుంటారు? ఖలాస్ అని టికెట్ చేతిలో పెట్టరా? ఇంటికాడ ముగ్గురు ఆడపిల్లలమ్మా.”

అన్నాళ్ళూ అది ఆ ఇంటి మర్యాద అనుకుంటూ వచ్చాను, లేకపోతే మస్తాన్ మొండితనం అనుకున్నాను. జాలి కలిగింది. కోపమూ తగ్గలేదు. ఒకరు మంచం పడితే తప్ప ఇంకొకరికి అన్నం దొరకని ఏర్పాటు ఎవడు పెట్టాడో కాని, దాని మధ్యలోకి వచ్చి పడింది మాత్రం నేను. హలీనాను బతిమాలి ఆదివారం దాకా గడువు అడిగాను.

ఆదివారం దగ్గరి ఊళ్ళో ఇటుక చర్చికి వెళ్ళాం. ఉల్లిగడ్డ ఆకారంలో పచ్చటి గోపురం, ముందు అరిగిపోయిన రాతి మెట్లు. పూజ అయిపోయి జనం బయటికి వస్తున్నారు. అబూ సాలెం చక్రాల కుర్చీలో కింద ఉండి చూస్తున్నాడు. అందరూ దిగిపోయాక ఒక ముసలావిడ ద్వారం దగ్గర కనిపించింది. పెద్దాయన కంటే పెద్దదే అయి ఉంటుంది. రెండు కర్రలు. పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ ముందు కర్రతో తాకి, తర్వాత కాలు దించుతోంది. కింద మగవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఒక్కడూ కదలలేదు. మస్తాన్ అటు వెళ్ళబోతే నేను చొక్కా పట్టుకుని ఆపాను.

అబూ సాలెంకి కోపమొచ్చింది. “క్యా బాత్ హై సిస్టర్? ఈ అమ్మకు కొడుకులు లేరా?”

హలీనా వెళ్ళి ఆవిడనే అడిగింది. ముసలావిడ గడ్డంతో కింద నిలబడ్డ నలుగురు ఆజానుబాహువులను చూపించి, ఏదో కస్సుమంది. ఆ నలుగురూ తలలు వంచుకుని నవ్వుకున్నారు. హలీనా వచ్చి మాకు చెప్పింది: “ఆ నలుగురూ ఆమె కొడుకులేనట. వాళ్ళు పట్టుకుంటే నేను పడతాను అంటోంది.”

నేను దాన్ని హిందీలో చెప్పాను. అబూ సాలెం చాలాసేపు ఆవిడ దిగడమే చూశాడు. ఆవిడ కిందికి చేరి, పెద్దకొడుకు బండి ఎక్కడ పెట్టాడో చూసి, అంత దూరం పెట్టినందుకు వాడిని తిట్టడం మొదలుపెట్టింది. పెద్దాయన కర్ర అడిగాడు. మస్తాన్‌ని చేతులు వెనక్కి కట్టుకోమన్నాడు. హలీనా పక్కకు వచ్చి నిలబడింది. ఆయన కుర్చీలోంచి లేచి, విరిగి అతికిన కాలు రాతి మీద పెట్టాడు. మోకాలు వణికింది. వణకగానే మస్తాన్ చేతులు మళ్ళీ వచ్చేశాయి.

ఈసారి పెద్దాయన కర్ర ఎత్తి అతని చేతుల మీద కొట్టాడు. అరబ్బీలో అరుస్తున్నాడు. నా ఓపిక అక్కడితో నశించింది. ఆ చర్చి ముందరే, జనం చూస్తుండగా, హిందీలో మొత్తం చెప్పేశాను. మీరు నడిస్తే తన పని పోతుందని భయపడుతున్నాడు, మీ కాలి మీదే అతని ముగ్గురు బిడ్డల తిండి ఉంది, మీరిద్దరూ తేల్చుకోండి, లేకపోతే రేపే నేను టికెట్లు చేయిస్తానని అన్నాను. మస్తాన్ ముఖం పాలిపోయింది. ఇంత ద్రోహం చేస్తావా అన్నట్టు చూశాడు.

అబూ సాలెం కర్ర దించాడు. ఊపిరి సర్దుకుని, మస్తాన్‌తో నెమ్మదిగా అన్నాడు. “పాగల్, నా టీ ఎవరు పెడతారు? నేను బతికినన్నాళ్ళూ నా ఇంట్లోనే ఉంటావు. వల్లాహి.”

దేవుడి మీద ఒట్టు వేసి చెప్పిన మాట. ఆ తరం వ్యాపారులు ఇచ్చిన మాట మీద సరుకు పంపేవారని మస్తాన్‌కి నాకంటే బాగా తెలుసు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పెద్దాయన కుర్చీ నుంచి చర్చి మొదటి మెట్టు దాకా నడిచి, దాని మీద కూర్చుండిపోయాడు. హలీనా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్కణ్ణించి పని పరుగెత్తింది. మస్తాన్ చేతులు కట్టుకుని పక్కన నడవడం నేర్చుకున్నాడు. రోగిని ముట్టుకోకుండా, పడబోతే అందుకోగలిగినంత దగ్గరగా ఉండడాన్ని మా వృత్తిలో స్టాండ్ బై అంటాం. మోయడం కంటే అది కష్టం. వేసవి చివరికి అబూ సాలెం కర్రతో నది బాట దిగి, తన కాళ్ళ మీద నిలబడి, నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత చూడని భవనం, చర్చి లేకుండా తిప్పించుకున్నాడు. ప్రతి చోటా ఈ ఇంటిమీద ఇప్పుడు అద్దె ఎవరు తీసుకుంటున్నారని అడిగేవాడు. ప్రభుత్వమని హలీనా చెబితే నమ్మేవాడు కాదు.

దుబాయ్ విమానాశ్రయంలో సాలెం బంధువులందరితో, కొత్త చక్రాల కుర్చీతో నిలబడి ఉన్నాడు. పెద్దాయన కర్ర ఊపుకుంటూ కుర్చీని దాటుకుని కారు దగ్గరికి నడిచాడు. బంధువులు కన్నీళ్ళు పెట్టుకుని నుదుటి మీద ముద్దులు పెట్టారు. సాలెం నాకు కృతజ్ఞతలు చెప్పాడు. అతని చూపు మాత్రం ఖాళీ చేతులతో వెనక వస్తున్న మస్తాన్ మీద ఉంది. నేను రోగిని ఇంటివాళ్ళకు అప్పగించి, వార్డుకు వెళ్ళి డాక్టరుకు నివేదిక ఇచ్చి, డ్యూటీ ముగించాను.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం నైఫ్ బజార్లో మస్తాన్ కనిపించాడు. జుట్టు నిండా బూడిదరంగు దుమ్ము. ఊరి చివర అల్ కుసైస్‌లో సాలెం వాళ్ళ గిడ్డంగిలో సిమెంటు బస్తాలు ఎత్తుతున్నాడట. లేబర్ క్యాంపులో ఉంటున్నాడు. అర్బాబ్ మాట ఇచ్చాడు కదా అన్నాను.

“ఇచ్చినాడమ్మా. వీసా ఉండేది చిన్న అర్బాబ్ పేరు మీద గదా. కొట్టు అంతా ఆయన చేతుల్లోనే. నాన్న నడస్తన్నాడు, ఇంట్లో నీకేం పని, ఎత్తేది నీకు అలవాటే గదా అని ఈడ ఏసినాడు.”

నేను మరునాడే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఈ రోగి నడిచేటప్పుడు పక్కన శిక్షణ ఉన్న మనిషి తప్పనిసరి అని రాయించి, ముద్ర వేయించి, సాలెం దుకాణానికి వెళ్ళాను. సాలెం నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. కాగితం చదివి, డాక్టరు చెప్పింది నిజమేనన్నాడు. అందుకే తక్కువ జీతానికి ఒక కుర్రవాణ్ణి పెట్టామని, నాన్న వెంట వాడు నడుస్తున్నాడని, మస్తాన్ లాంటి బలమైనవాణ్ణి ఊరికే నడిపించడం దండగ కదా అని నన్నే అడిగాడు. అబూ సాలెం ఆ పక్క గదిలోనే ఉన్నాడు. బయటికి వచ్చి, నన్ను చూసి సంతోషించి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించాడు. మస్తాన్ మాట ఎత్తితే, కొడుకు వైపు చూసి, కర్రతో నేల మీద గీతలు గీస్తూ ఊరుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే వార్డులో పనిచేశాను, చివర్లో వార్డు సిస్టర్‌గా. తుంటి రోగి ఎవరు వచ్చినా, కాలు మోపించే ముందు, అతన్ని ఎత్తి దించుతున్న మనిషిని పక్కకు పిలిచి, నీ వీసా ఎవరి పేరు మీద ఉంది, ఈయన నడిస్తే నీకు ఏం పని ఇస్తారు అని అడిగేదాన్ని. ఆ పేరుగల మనిషిని పిలిపించి, వీడి పని తీసెయ్యనని అతని చేత ఒప్పించాకే కర్ర చేతికి ఇచ్చేదాన్ని. రోగి ఇచ్చిన మాటను లెక్కలోకి తీసుకోవడం మానేశాను.